మూడో మెట్టు

బంగారుపాళ్యం దాటినాక మట్టిదారి.
తెల్లబండి ఆగింది, లోపల ఏసీ ఆగలేదు.
ముందు సీట్లో నేను, దుబాసిని,
దినానికి పన్నెండు వందలు, మధ్యాహ్నం భోజనం వాళ్ళదే.

వెనక మేడం. ఎక్కడిదో చలిదేశం.
పేదరికాన్ని కొలిచే పని.
మనది ఆమెకు పద్నాలుగో దేశమట.
చేతిలో అట్టడబ్బా, గొట్టం పెట్టి తాగుతోంది:
మామిడి రసం, విమానంలో ఇచ్చారట.
డబ్బా మీది పండుకి
మా తోటలు ఎప్పుడూ ఎరగనంత రంగు.

రేకుల షెడ్డు నీడలో సంఘం ఆడోళ్ళు ఏడుగురు
పొద్దున్నుంచీ కూర్చునే ఉన్నారు.
ఆ రోజు కూలి పోయింది.
దానికి కాగితంలో గడి లేదు.

‘పేరు?’
‘దొరసానమ్మ.’
అర్థమేమిటని అడిగింది మేడం.
‘అంటే, మీరే’ అన్నాను.
మేడం నవ్వింది. ఎందుకు నవ్విందో చెప్పాను.
దొరసానమ్మ నవ్వలేదు.
‘మా తాత పెట్నాడు. దివాణంలో కసువూడ్చినోడు.
మనింట్లో గూడా ఒక దొరసాని ఉండనీ అని.’
అది నేను ఇంగ్లీషు చెయ్యలేదు.
డ్రైవరు గడియారం చూపిస్తున్నాడు.

అప్పుడు మేడం పటం విప్పింది.
నిచ్చెన బొమ్మ. పది మెట్లు.
‘పైమెట్టు మీద అన్నిటికంటే మంచి బతుకు,
కిందిమెట్టు మీద అన్నిటికంటే చెడ్డది.
తను ఎక్కడ నిలబడి ఉందో అడుగు.’

అడిగాను.
దొరసానమ్మ పటాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది.
‘దీన్ని దేనికి ఆనించిండారు నాయనా?
గోడ యాడ?’
‘గోడ లేదు. ఊరికే బొమ్మ.’
‘గోడ లేకుంటే ఎట్ల నిలబడతాది?
కింద ఎవురో పట్టుకోనుండాల.
మా ఆయన కాయలు కోసేటప్పుడు నేనే పట్టుకుంటా.
ఎక్కినోడికి మెట్లుండాయి.
పట్టుకున్నదానికి మెట్టేది?’

ఇంకా చెప్పింది.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ
బెంగళూరా కాయల ట్రాక్టరు మింద మూడు రాత్రులు,
దోమలు, అలసంద వడలు, లైన్లో ముందర నూటా ఆరు బండ్లు.
మొదట కిలో నాలుగు అన్నారు,
నాలుగో రోజు రెండు అన్నారు,
ఏమంటే ఏ సముద్రంలోనో ఓడ నిలిచిపాయనంట.
‘ఆ పక్క దేశాలోళ్ళకి దప్పి తగ్గిందేమో
ఆయమ్మని కనుక్కో’ అంది.

‘ఏమంటోంది?’ అంది మేడం.

నా నోటి ముందర మాటలు
గేటు తెరవని ట్రాక్టర్ల మాదిరి నిలబడ్డాయి,
అడుగున ఉన్నవి అప్పటికే మెత్తబడుతున్నాయి.

‘నంబరు చాలు’ అంది మేడం,
విసుగు లేకుండా, ఎంతో మర్యాదగా.

మూడు, అన్నాను.

గడిలో మూడు పడింది.
వేలు నిచ్చెన మీద పెట్టమని ఫోటో తీశారు.
బండెక్కేముందు ఖాళీ డబ్బా
ఎక్కడ పారెయ్యాలని అడిగింది మేడం.
ఏడుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
దొరసానమ్మ చెయ్యి చాపింది.
కడిగి, మన్నుపోసి వంగ మొలక పెట్టుకుంటుందట.

ఆర్నెల్లకి రిపోర్టు వచ్చింది. నున్నటి కాగితం,
వేలు పెడితే జారుతుంది.
నలభై ఒకటో పేజీలో ఆమె వేలు.
‘వ్యర్థాల వాడకంలో మెచ్చదగ్గ చైతన్యం.
మూడు నుంచి నాలుగుకి పురోగతి.’
రెండోసారి ఎవరు అడిగారో, ఎవరు చెప్పారో
నాకు తెలీదు. నన్ను పిలవలేదు.

మొన్న చిత్తూరు బస్టాండులో కనబడింది.
సంకలో చెనక్కాయల మూట.
‘ఏం నాయనా, ఆ పొద్దు నన్ను
ఏ మెట్టు మింద పెట్టినావు?’
‘మూడు. ఇప్పుడు నాలుగంట.’
‘ఓ’ అంది.
కాసేపు నిజంగానే ఆలోచించింది.
‘ఆడ గాలి వస్తాదా?’

పలమనేరు బస్సు వచ్చింది.
మొదటి మెట్టు బాగా ఎత్తు.
మూట నా చేతికిచ్చి,
మోకాలు పట్టుకుని ఎక్కింది.